ఎలీసబెతమ్మ మిఠాయి డబ్బా

దేవసహాయం కరెంటు స్తంభానికి వందనాలు చెప్పిన నాడు లక్సెట్టిపేటలో ఎవరూ నవ్వలేదు. చర్చి గేటు పక్కనున్న ఆ స్తంభానికి మనిషెత్తు దాకా సున్నం కొట్టి ఉంటది. దూరం నుంచి చూస్తే తెల్ల లాల్చీ తొడుక్కున్న పెద్దమనిషి లెక్కనే కనబడతది, ఎవరైనా పొరబడొచ్చు. నవ్వులు ఆ తర్వాతి ఆదివారం మొదలైనయి. అదే గేటుకు ఎవరో బర్రెను కట్టేసి పోతే, దేవసహాయం దాని ముందర ఆగి, "బాగున్నరా సాల్మన్ గారూ, మస్తు దినాలకు కనబడ్డరు" అని కుశలం అడిగిండు. సాల్మన్ గారు సంఘంలో కోశాధికారి, మనిషి జర భారీ, రంగు గూడ నలుపే. ఆ మాట పూట గడవక ముందే ఆయన ఇంటికి చేరింది. ఆ తర్వాత శాన దినాలు ఇద్దరి నడుమ మాటలు బందు.

తన పెనిమిటి దేవసహాయానికి చూపు పోతున్న సంగతి ఎలీసబెతమ్మకు ఊరందరి తర్వాత తెలిసింది. ఇంట్లో ఆయనకు తడబాటు లేదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసినోడు. కిక్కిరిసిన బస్సులో చూడకుండనే టికెట్ చింపి, చూడకుండనే చిల్లర ఇచ్చి, చూడకుండనే బస్సు ఏ ఊరు దాటిందో చెప్పిన మనిషి. ఇంట్లో ఏ గిన్నె ఏడుంటదో ఆయన కాళ్లకూ చేతులకూ తెలుసు. చర్చిలో వాక్యం చదివే పని గూడ ఆయనదే. కండ్లు మసకబారినంక బైబిలు తెరిచి పట్టుకొని నోటికొచ్చింది చెప్తుండు. మోషే, యెహోషువ ఒకే వాక్యంలో కలిసిపోయినా, ఆ గొంతు బాగుంటదని ఎవరూ ఏమనలేదు.

డిసెంబరు మొదట్లో ఎలీసబెతమ్మ ఆయనను మంచిర్యాలకు తోలుకపోయింది. రెండు కండ్లలో మోతిబిందు, అంటే శుక్లాలు, అన్నడు డాక్టరు. రోగాలకు గింత అందమైన పేర్లు పెట్టేటోళ్లకు ఆ రోగం వచ్చి ఉండదని అనుమానం. మోతీ అంటే ముత్యం, బిందువంటే చుక్క. కంటిలో ముత్యం పడిందంటే వినేటోళ్లకు సంబురమే గాని, పడ్డోనికి బర్రెకూ సాల్మన్‌కూ తేడా తెలవదు. సంకురాత్రి పోయినంక క్యాంపు ఉంటదట, అందులో ఆపరేషన్ చేస్తరట. కానీ ముందుగాల రక్తం చూస్తరట. ఈయనకున్న షుగర్ గిట్లనే ఉంటే పేరు తీసేస్తరట, మళ్ల క్యాంపు వచ్చే యేడే. అప్పటిదాకా ఆగితే ముదిరిపోతది, తర్వాత చేసినా చూపు వస్తదని నేను మాటియ్యనని డాక్టరు తేల్చి చెప్పిండు.

తిరుగు బస్సులో ఎలీసబెతమ్మ ఒక్క మాటే అన్నది. "తీపి ముట్టినవనుకో, నేనూరుకోను."

"తీపా? నాకెందుకు?" అన్నడు దేవసహాయం. అప్పుడే ఆయన దవడ కదులుతున్నది. బస్టాండుల ఎవరో చాక్లెట్ ఇచ్చిన్రట, కాదంటే బాగుండదని తీసుకున్నడట.

ఇట్ల చెప్తే సులువైన పనే అనిపిస్తది. కానీ ముందరున్నది క్రిస్మస్. ఇల్లు ఎలీసబెతమ్మది.

ఆమె పుట్టిల్లు ఖానాపూర్. పెండ్లయి లక్సెట్టిపేటకు వచ్చినంక సర్కారు బాలుర వసతిగృహంలో వంటమనిషిగా చేరి, రిటైరయ్యే దాకా అక్కడే వండింది. బుక్కెడు బువ్వ కోసం కండ్లు పెద్దవి చేసుకొని కూర్చున్న పిల్లల బంతికి వండిన చెయ్యి అది. ఇద్దరికి వండడం ఆ చెయ్యికి రాదు. పప్పు పెడితే వాడకట్టంత తినాలె. కొలతలు తగ్గించమని దేవసహాయం మొదట్లో చెప్పి చూసిండు. ఆమె తగ్గించింది గూడ. ఎంత తగ్గించిందంటే, వాడకట్టు సగం తింటె సరిపోయేటంత.

ఇగ గర్జెలంటే చెప్పక్కర లేదు. గర్జె, అంటే కజ్జికాయే, శాన ఊర్లు తిరిగిన పిండివంట. పైకి మహారాష్ట్ర అంచుకు పోతే దాన్నే కరంజి అంటరు. ఎలీసబెతమ్మ పుట్టింట గర్జె, కరంజి రెండు పేర్లూ నడిచేవి. మిషను దొరలు వచ్చినప్పుడు సువార్త తెచ్చిన్రు, బడి తెచ్చిన్రు, మందులు తెచ్చిన్రు గాని, కేకు మాత్రం వాళ్ల బంగళా దాటి రాలేదు. పల్లెల్లో కొత్తగా నమ్ముకున్నోళ్లు పండుగకు ఏం చెయ్యాలెనని ఆలోచించి, తెలిసిన గర్జెలే చేసుకున్నరు. ఇప్పుడు బేకరీ కేకులు వాడకొకటి దొరుకుతున్నా, గర్జె లేని క్రిస్మస్ ఎలీసబెతమ్మ లెక్కలో రాదు.

ఆ యేడు డిసెంబరులో చలి ఎక్కువుండి, పల్లెల నుంచి పండుగ ఆరాధనకు వచ్చేటోళ్లు సగం గూడ రాలేదు. దాని మీద ఇంకో తిరకాసు. సండే స్కూలు పిల్లలకు పంచే మిఠాయి పొట్లాలు స్త్రీల సమాజమోళ్లు కట్టిన్రు. అదే సంగతి తెలవక యువకుల సంఘమోళ్లు గూడ కట్టిన్రు. సండే స్కూలు టీచరమ్మ ఎలీసబెతమ్మనే గదా, మిగిలినయన్నీ ఆమె ఇంటికే వచ్చినయి. పండుగ తెల్లారి ఆ ఇల్లు మిఠాయి దుకాణం లెక్క ఉన్నది. గర్జెలు, బూంది లడ్డూలు, గులాబిపూలు, కేకు ముక్కలు, రంగురంగుల చాక్లెట్ల సంచులు. వాటి నడుమ, ఏసయ్య తొట్టి దగ్గర గొర్రెపిల్ల బొమ్మ లెక్క అమాయకంగా కూర్చొని దేవసహాయం.

ఎలీసబెతమ్మ అన్నీ దాచింది. బియ్యం డ్రమ్ములో లోపలికంట పాతిపెట్టింది. కుట్టుమిషన్ మూత కింద పెట్టింది. సజ్జ మీద క్రిస్మస్ నక్షత్రం అట్టపెట్టెలో పెట్టి, పైన దుప్పట్లు కప్పింది. వారం తిరగక ముందే అన్నీ తేలికైనయి.

"ఏమయ్యా, ఎదురుంగ ఉన్న స్తంభం కనబడది గాని, సజ్జ మీది గర్జె ఎట్ల కనబడ్డది?"

"కనబడలే," అన్నడు దేవసహాయం నిమ్మళంగా. "పిలిచింది."

ఆయనను ఆపలేనని ఆమెకు అర్థమైంది. ఇగ మిగిలింది ఒకటే దారి, తీపిని ఇంట్లకెళ్లి బయటికి పంపెయ్యడం. పారేస్తే పాపం. అమ్ముదామంటే సిగ్గు. లేనోళ్లకు దానమిస్తే పుణ్యం, పని రెండూ అయితయి. మంచిర్యాల తొవ్వలో ఊరు దాటినంక ఒక వృద్ధాశ్రమం ఉన్నది. దాన్ని చూసుకునే అరుణ్‌కుమార్ ఒకప్పుడు ఆమె వసతిగృహంలో తిని పెరిగిన పిలగాడే. ఆమె రిటైరైనప్పుడు తోటోళ్లు ఇచ్చిన పెద్ద స్టీలు డబ్బా ఒకటున్నది, మూత మీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంటది. దాని నిండా గర్జెలు, లడ్డూలు దట్టించి, ఆటో ఎక్కి పోయి ఇచ్చి వచ్చింది. వచ్చేటప్పుడు చేతులు ఎంత తేలికనిపించినయంటే, ఆటోలో పాట గూడ పాడుకున్నది.

తెల్లారి అరుణ్‌కుమార్ బండి మీద వచ్చి డబ్బా తిరిగిచ్చిండు. బరువున్నది. మూత తీస్తే నిండా కేకు ముక్కలు, పైన చాక్లెట్లు.

"గిదేందిరా?"

"నీ డబ్బా ఉత్తగ తెస్తే నన్ను బతకనిస్తవా పెద్దమ్మా?"

తప్పు ఎక్కడ జరిగిందో ఎలీసబెతమ్మకు ఆ నిమిషమే తెలిసింది. మన దిక్కు ఎవరన్నా తినేది పెట్టి పంపితే ఆ గిన్నెను ఉత్తగ తిరిగి పంపరు. ఏమీ లేకుంటే చారెడు చక్కెరన్నా వేస్తరు. అందరిళ్లలో ఉన్న పద్ధతే. కానీ లక్సెట్టిపేటలో దాన్ని చట్టం చేసింది మాత్రం ఎలీసబెతమ్మ. వసతిగృహంలో ఉన్నప్పుడు పెద్దసారు ఇంటికి కూర పంపితే, ఈ అరుణ్‌కుమారే ఉత్త గిన్నె పట్టుకొని తిరిగొచ్చిండు. "పో, గింత ఉప్పన్న పోయించుకొని రా, అప్పుడే నీకు బువ్వ" అని ఆమె వాకిట్లకెళ్లే వాపస్ తోలింది. సారు భార్యకు ఆ ఉప్పు కథ ఇంకా గుర్తున్నది. అట్ల ఒక్కొక్కరిని దిద్దుకుంటూ వచ్చింది. ఆమె గిన్నె ఉత్తగ పంపే ధైర్యం ఊళ్లో ఎవరికీ మిగల్లేదు.

కేకు ముక్కల డబ్బాను ఆమె ఇంట్ల అడుగు పెట్టనియ్యకుండనే పక్కింటి సక్కుబాయికి ఇచ్చింది. సక్కుబాయిది మగ్గం పనోళ్ల ఇల్లు. పెనిమిటి రామచంద్రం మరమగ్గాల మీద పొద్దూమాపూ నిలబడతడు, వచ్చే కూలి అంతంతే, పిల్లలు మాత్రం నిండుగా ఉన్నరు. కేకు కనబడంగనే పిల్లలు ఎగిరిన్రు. ఎలీసబెతమ్మ మనసు కుదుటపడ్డది. మాపటికే సక్కుబాయి పెద్దబిడ్డ డబ్బా పట్టుకొని గడపలో నిలబడ్డది. దాని నిండా నువ్వుల లడ్డూలు. పండుగ కోసం దాచుకున్న నువ్వులతో ఆ పూటే చేసిందట.

ఎలీసబెతమ్మ గోడ ఇవతల నిలబడి గట్టిగనే అడిగింది. గింత కరువుల ఎందుకు చేసినవే అని. సక్కుబాయి గూడ గోడ అవతల నుంచే గట్టిగనే చెప్పింది, కరువుంటే ఉన్నది గాని ఉత్త డబ్బా పంపేటంత లేకితనం మా ఇంట్ల లేదక్కా అని. వెనుక దేవసహాయం నువ్వుల వాసన పట్టి కుర్చీలో సర్దుకుంటున్నడు.

తర్వాత అంగన్‌వాడీకి పోయింది డబ్బా. పల్లీపట్టీలతో వచ్చింది. చర్చికి పోయింది, పాస్టరమ్మ చేసిన కొబ్బరి లడ్డూలతో వచ్చింది. పోయిన దానికన్నా వచ్చింది ఎప్పుడూ ఒక పిడికెడు ఎక్కువే. మర్యాద అట్లనే ఉంటది మరి.

ఎలీసబెతమ్మ ఉపాయం మార్చింది. గిన్నె ఇస్తే గదా గిన్నె తిరిగొచ్చేది. ఉన్న తీపంతా పాలిథిన్ కవర్లో కట్టి ఆశ్రమం గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి, దిగకుండనే అదే ఆటోలో వాపస్ వచ్చింది. ఆమె తెలివికి ఆమెకే ముచ్చటేసింది. మూడోనాడు అరుణ్‌కుమార్ ముఖం వేలాడేసుకొని వచ్చి, కరీంనగర్ పెద్ద దుకాణంలో కొన్న పాలకోవ పెట్టె ఆమె కాళ్ల దగ్గర పెట్టిండు. డబ్బా ఇయ్యకుండ కవర్ల పంపినవంటే, లోపలికి గూడ రాకుండ పోయినవంటే, పోయినసారి కేకు పాతదని నీకు కోపమొచ్చింది గదా పెద్దమ్మా, తప్పయింది అన్నడు. కోపం లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. పాలకోవ తీసుకుంటేనే నమ్ముతనన్నడు. తీసుకున్నది.

క్యాంపు దగ్గర పడ్డది. ఎందుకైనా మంచిదని ముందుగాల బస్టాండు పక్కన ల్యాబులో రక్తం ఇప్పిచ్చింది. షుగర్ డిసెంబరులో ఉన్నదానికన్నా పెరిగింది. ల్యాబు పిల్ల కాగితం చేతిలో పెడుతూ, తాతకు ఇంట్ల ఎవరూ చెప్పరా అని అడిగింది.

ఇంటికొచ్చినంక ఎలీసబెతమ్మ తిట్టలేదు. అది దేవసహాయానికి కొత్త. ఆమె తిడితే ఎట్ల తప్పించుకోవాలెనో ఆయనకు తెలుసు, ఊకున్నప్పుడు ఎట్లనో తెలవదు. కాసేపు కుర్చీలో ఇటూ అటూ కదిలి, దగ్గిండు, మళ్ల దగ్గిండు. ఆఖరుకు ఆయనే అన్నడు.

"నాకు తీపి మీద గంత ఇష్టం లేదే."

"మరి?"

"షుగర్ దిగితే కంట్ల కత్తి పెడతరు గదా."

ఎలీసబెతమ్మ ఆయన దిక్కు చూసింది. ఆయన గోడ దిక్కు చూస్తుండు, ఆమె అక్కడున్నదనుకొని.

"పెద్దపల్లిల నా తోటి డ్రైవరు చేయించుకున్నడు. ఉన్న మసక గూడ పోయింది. నాకు మసకల నువ్వు కనబడుతున్నవ్. ముఖం తెలుస్తలేదు గాని, ఆ కదిలేది నువ్వే అని తెలుస్తది. అది గూడ పోతే ఎట్ల?"

"గీ మాట డిసెంబరుల చెప్పద్దా?"

"చెప్తే నవ్వుతవని."

ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. లేచి పోయి చాయ్ పెట్టింది, చక్కెర లేకుండ. పొయ్యి దగ్గర నిలబడి ఆలోచించింది. ఇన్ని దినాలూ తీపిని ఇంట్లకెళ్లి పంపనీకి ఊరంతా తిరిగింది. అది పోదు. ఊరు ఊరంతా పట్టుబట్టి వాపస్ తెస్తున్నది. మరి పోగలిగింది ఇంకోటి ఉన్నది గదా. దాని మీద ఎవరి పేరూ చెక్కి లేదు.

తెల్లారి ఆటో ఆశ్రమం ముందర ఆగింది. ఎలీసబెతమ్మ ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో దేవసహాయం. డబ్బా కనబడంగనే అరుణ్‌కుమార్ ముఖం తెల్లబోయింది.

"పెద్దమ్మా, నీకు దండం పెడత," అన్నడు. "ఇంక తీపి తేకు."

అప్పుడు బయటపడ్డది అసలు సంగతి. ఆశ్రమంలో ఉన్న ముసలోళ్లలో షుగర్ లేనోళ్లను వెతకాల్సిందే. దాతలకు అది పట్టదు. పుట్టినరోజంటే కేకు, పెండ్లిరోజంటే లడ్డూ, పరీక్ష పాసైతే జిలేబీ. జొన్నలు తెచ్చినోడు లేడు, కాళ్లకు రాసుకునే నూనె తెచ్చినోడు లేడు. వద్దంటే మనసు కష్టపెట్టుకుంటరు, మళ్ల రారు. ఇంట్ల మిగిలిన తీపంతా దానం పేరు మీద ఆశ్రమానికి వస్తది, ఆశ్రమంలో తినేటోడు లేక అల్మారాలో మూలుగుతది. ఎలీసబెతమ్మ డబ్బా వచ్చిన నాడు అరుణ్‌కుమార్‌కు దేవుడే పంపినట్టనిపించిందట. మర్యాదకు మర్యాద, అల్మారాకు అల్మారా ఖాళీ.

"అంటే నీ ఇంట్ల పీడ నా నెత్తిన పెట్టినవన్నట్టు," అన్నది ఎలీసబెతమ్మ.

"నువ్వు చేసింది గూడ గదే గదా పెద్దమ్మా."

ఆమె డబ్బా కింద పెట్టింది. తర్వాత పెనిమిటిని ముందుకు నూకింది. "సరే, గిప్పుడు ఈయనను పెట్టుకో. క్యాంపు దాక. నీ ముసలోళ్లు ఏం తింటరో గదే పెట్టు."

దేవసహాయం నోరు తెరిచిండు. ఆపరేషన్ మాట ఎత్తకుండ మామూలు మనిషి లెక్క, ఇంట్ల పని ఎట్లరా, కోడిపిల్లలు ఎట్లరా అని మొదలుపెట్టిండు. ఎలీసబెతమ్మ వినలేదు. వరండాలో బెంచీ మీద కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న ఒక ముసలాయన దగ్గర కూర్చోబెట్టింది. ఆయన పేరు గంగయ్య. కిందటేడు అదే క్యాంపులో రెండు కండ్లూ చేయించుకున్నడు. పక్కన చంద్రవ్వ అని ఒక ముసలవ్వ, ఆమెకు ఒక కన్ను అయింది, ఇంకోటి వంతులో ఉన్నది.

"కత్తి నొస్తదా?" అని దేవసహాయం అడిగిండట, ఎలీసబెతమ్మ పోయినంక.

"కత్తి నొయ్యలే," అన్నడట గంగయ్య. "విప్పినంక చంద్రవ్వ ముఖం కనబడ్డది చూడు, అప్పుడు నొచ్చింది."

చంద్రవ్వ చిక్కుడుకాయ విసిరిందట. దేవసహాయం చానా దినాలకు నవ్విండట. ఇదంతా తర్వాత అరుణ్‌కుమార్ చెప్తే తెలిసింది.

ఇగ తీపి సంగతి. బట్టీల కాడికి పోరాదా పెద్దమ్మా అని అరుణ్‌కుమారే సలహా ఇచ్చిండు. పెద్దపల్లి తొవ్వలో గోదావరి దాటినంక ఇటుక బట్టీలున్నయి. ఒడిశా నుంచి పెండ్లాం పిల్లలతో వచ్చి, వానలు పడేదాకా ఇటుకలు చేసి పోయే జనం. ఎలీసబెతమ్మ ఇంట్లో ఉన్నదీ, ఆశ్రమం అల్మారాలో ఉన్నదీ ఒక్క ఆటోకెత్తింది. డబ్బా మూత తీసే దాకనే ఆమె పని. పిల్లలు మట్టిచేతులు కడుక్కోనీకి గూడ ఆగలేదు. గర్జె కొరికి, లోపల కొబ్బరి తగలంగనే ఒకరి ముఖం ఒకరు చూసుకొని, వాళ్ల మాటలో ఏందో అనుకున్నరు. చాక్లెట్ కాగితాలు ఇటుకల వరుసల మీద రంగురంగులుగా ఎగిరినయి. ఇంకొన్ని తెస్తే బాగుండని ఎలీసబెతమ్మకు ఆ యేడు మొదటిసారి అనిపించింది.

పోయేటప్పుడు ఒక తల్లి ఉత్త డబ్బా చూసి ఆగమన్నట్టు చెయ్యి ఊపింది. రేకుల గుడిసెలోకి పోయి, కొంగులో కొన్ని మరమరాలు తెచ్చి డబ్బాలో పోసింది. మాట తెలవదు గాని, ఆ పద్ధతి ఎలీసబెతమ్మకు తెలవంది కాదు. మూత పెట్టుకున్నది. తొవ్వ పొడుగునా వాటినే బుక్కుకుంటూ వచ్చింది.

ఆశ్రమంలో జొన్నరవ్వతో వండిన గట్కా, ఆకుకూర, చక్కెర లేని చాయ్. క్యాంపు నాడు రక్తం చూస్తే షుగర్ దిగింది. డాక్టరు ఎట్ల దించిన్రని అడిగిండు. ఎలీసబెతమ్మ, మనిషిని దానమిచ్చిన అన్నది. డాక్టరుకు అర్థం కాలేదు, సంతకం మాత్రం పెట్టిండు. కుడికన్ను ఆపరేషన్ అయింది. దుమ్ము పడకుండ ఉండాలె, తిండి ఇట్లనే ఉండాలె అంటే, అక్కడికెళ్లి మళ్ల ఆశ్రమానికే తోలుకపోయిన్రు.

ఇల్లు ఉత్తగైంది. సజ్జ మీద ఏమీ లేదు, సజ్జ కింద ఎవరూ లేరు. ఎలీసబెతమ్మకు అన్నం సహించలేదు. పట్టీ విప్పిన తెల్లారే, డాక్టరు ఇంటికి పోవచ్చన్నడని తెలిసి, పొద్దుగాలనే తయారై పోయింది.

వరండాలో దేవసహాయం నల్లకండ్లద్దాలు నొసటి మీదికి నూకుకొని, పేపరు ముక్కుకు దూరంగా పట్టుకొని చదువుతుండు. గంగయ్యకు కండ్లున్నయి, అక్షరాలు లేవు. చంద్రవ్వకు వినే ఓపిక ఉన్నది. కండక్టరు గొంతు, స్టేజీల పేర్లు చెప్పినట్టు ఊళ్ల పేర్లు ఒత్తి ఒత్తి చదువుతుండు. ఎలీసబెతమ్మ మెట్ల కాడ ఆగింది. ఆయన తల ఎత్తిండు. ఈసారి గోడ దిక్కు చూడలేదు.

చాలాసేపు చూసిండు.

"గింత బక్కగైనవేందే?" అన్నడు.

"నీ ఎనుక ఉరికి ఉరికి. లే, ఆటో ఆగి ఉన్నది."

"జర ఆగు. గంగయ్యకు సగమే చదివిన. ఇంకా కోర్టు ముచ్చట ఉన్నది, దాని కింద పులి ముచ్చట ఉన్నది." గొంతు తగ్గించి, "గీ ఆదివారం దాక ఉంటనే," అన్నడు.

ఎలీసబెతమ్మకు చర్రుమన్నది. ఇంట్ల ఒక్కతే ఎన్ని దినాలు గోడలతోటి మాట్లాడిందో ఈయనకేం తెలుసు. అందామని నోరు తెరిచింది. గంగయ్య బెంచీ మీద జరిగి చోటు చేసిండు. చంద్రవ్వ చేటలోకెళ్లి ఒక పిడికెడు చిక్కుడుకాయలు తీసి ఆమె ఒడిలో వేసింది, కూర్చున్నోళ్లు ఊరికే ఉండద్దన్నట్టు.

ఎలీసబెతమ్మ గేటు దిక్కు తిరిగి, ఆటోవోన్ని పొమ్మని చెయ్యి ఊపింది. చెప్పులు విడిచి కూర్చున్నది. ఈనె తీసుకుంటూ, "పులి ముచ్చట ముందు చదువు," అన్నది.